జంతు ప్రపంచం – మీ ప్రశ్నలు, మా జవాబులు: ఈ సంచిక కొమ్ము కప్పకే

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలా వరకు ఒకే కప్ప గురించి. హైదరాబాద్ పెంపుడు జంతువుల షాపుల్లో 'ప్యాక్‌మన్ కప్ప' అని అమ్ముతున్న దక్షిణ అమెరికా కొమ్ము కప్ప అది. గుండ్రటి ఒళ్లు, ఆ ఒంట్లో సగం నోరే, కళ్ల మీద చిన్న కొమ్ముల్లా పొడుచుకొచ్చిన చర్మం. పిల్లలు అడిగారని కొనేసి, ఆ తర్వాత అనుమానాలు మొదలై మాకు రాస్తున్నారు. తప్పేమీ లేదు, రాయండి. అయితే అది ఎలాంటి నేలలో, ఎలాంటి వానల మధ్య పుట్టి పెరిగే జీవో తెలిస్తే ఈ ఉత్తరాల్లో సగం ప్రశ్నలకు జవాబు దొరికినట్టే. అందుకే ఈసారి మొత్తం దాని గురించే.

కొండాపూర్ నుంచి ఒక పాఠకుడు: మా బాబు కోసం ప్యాక్‌మన్ కప్పను తెచ్చాం. షాపతను "ఇది అమెజాన్ అడవుల్లోది సార్, రోజూ నాలుగైదు సార్లు నీళ్లు స్ప్రే చేయాలి" అన్నాడు. మా ఆఫీసులో ఒకాయనేమో "కాదు, ఎడారి కప్ప, నీళ్లు తగలనివ్వొద్దు" అంటున్నారు. ఎవరి మాట నమ్మాలి?

ఇద్దరి మాటా వద్దండీ. కొమ్ము కప్పల్లో మొత్తం ఎనిమిది జాతులున్నాయి, అన్నీ దక్షిణ అమెరికావే. వాటిలో అమెజాన్ అడవిది ఒకటి ఉన్న మాట నిజం, దాన్ని సెరటోఫ్రిస్ కార్నుటా అంటారు, లినేయస్ 1758లోనే దానికి పేరు పెట్టాడు. కానీ అది బోనులో పెంచడానికి అంత సులువుగా లొంగే కప్ప కాదు. షాపుల్లో దొరికేవి ఎక్కువగా సెరటోఫ్రిస్ క్రాన్‌వెల్లి అనే ఇంకో జాతివి, లేదా దాన్ని వేరే కొమ్ము కప్పలతో కలిపి పుట్టించిన సంకరాలు. క్రాన్‌వెల్లి సొంతూరు అమెజాన్ కాదు, అక్కడికి చాలా దక్షిణాన ఉన్న గ్రాన్ చాకో.

మనలో చాలామందికి దక్షిణ అమెరికా అనగానే అమెజాన్ ఒక్కటే గుర్తొస్తుంది, చాకో పేరు స్కూల్లో కూడా పెద్దగా వినం. కానీ అది చిన్న చోటేం కాదు. ఆండీస్ కొండల పాదాల దగ్గర మొదలై తూర్పున పరాగ్వే, పరానా నదుల దాకా పరుచుకున్న మైదానం. ఉత్తర అర్జెంటీనా, పశ్చిమ పరాగ్వే, ఆగ్నేయ బొలీవియా, బ్రెజిల్‌లో ఒక చిన్న ముక్క, అన్నీ కలిపితే 10 లక్షల చదరపు కిలోమీటర్లకు పైనే. తెలంగాణ లాంటివి తొమ్మిదో పదో అందులో పట్టేస్తాయి. తూర్పు వైపు ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వాన, తాటి జాతి చెట్లు, చిత్తడి నేలలు. పడమటికి వెళ్లేకొద్దీ వాన తగ్గి సగానికి పడిపోతుంది, ముళ్ల చెట్లు, బ్రహ్మజెముడు జాతి మొక్కలు, కెబ్రాచో అనే ఇనుము లాంటి కర్ర ఉన్న చెట్లు కనిపిస్తాయి. మన ఊళ్ల చుట్టూ అల్లుకుపోయిన సర్కారు తుమ్మ ఉంది కదా, దాని దగ్గరి చుట్టాలు అక్కడ నిండా ఉన్నాయి, అదే వాటి సొంత నేల. ఎండ సంగతి చెప్పనక్కర్లేదు, వేసవిలో 45 డిగ్రీలు దాటే చోట్లున్నాయి. చలికాలం రాత్రుళ్లు కొన్ని ప్రాంతాల్లో మంచు గడ్డ కట్టేంత చలి కూడా ఉంటుంది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. అక్కడ వానలు రమారమి అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా. దక్షిణార్ధ గోళం కదా, మనకు మృగశిర కార్తెలో తొలకరి పడి బోదురు కప్పలు గొంతెత్తే రోజుల్లో, చాకోలో కొమ్ము కప్ప భూమిలో కూరుకుపోయి పడుకుని ఉంటుంది. నేల చదునుగా ఉండి, చాలా చోట్ల బంకమట్టి కావడంతో పెద్ద వాన పడితే నీళ్లు ఇంకవు, ఎక్కడికక్కడ గుంటలు కడతాయి. కొన్ని వారాలు, ఎక్కువైతే కొన్ని నెలలు, ఆ తర్వాత మళ్లీ పగుళ్లిచ్చిన నేలే. ఈ కప్ప బతుకంతా ఆ గుంటల చుట్టూనే తిరుగుతుంది. అందుకే ఎడారి కప్ప అనడం కూడా తప్పే.

వానలు ఆగి నేల ఎండే కాలం వస్తే ఏం చేస్తుందో కాస్త దగ్గర నుంచి చెప్తాను, మీ పెట్టెలోని కప్పను అర్థం చేసుకోవడానికి ఇదే ముఖ్యం. వెనక కాళ్ల మడమ దగ్గర గట్టిగా, అంచు తేలి ఉండే ఒక బొడిపె ఉంటుంది. దాంతో మట్టిని అటూ ఇటూ తోసుకుంటూ వెనక్కి వెనక్కి దిగబడుతుంది, తల చివరన. నేల ఇంకా ఎండిపోతే పైచర్మం పొర ఒకటి ఊడుతుంది, కానీ ఒంటి మీద నుంచి రాలదు. దాని కింద ఇంకో పొర, దాని కింద ఇంకోటి. ఉల్లిపొరల్లా ఇవన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఒళ్లంతా కప్పేసే గూడు తయారవుతుంది, ముక్కు రంధ్రాలు మాత్రం తెరిచి ఉంటాయి. లోపలి తేమ బయటికి పోదు. నెలల తరబడి తిండీ నీళ్లూ లేకుండా అలాగే ఉంటుంది. వాన నీళ్లు లోపలికి దిగి మట్టి మెత్తబడగానే కదలడం మొదలెడుతుంది, ఆ పొరను చింపుకుని, ఊడిన తోలును నోటితో లాక్కుని తినేసి పైకి వస్తుంది.

కాబట్టి మీ ప్రశ్నకు జవాబు: గాలిలో నీళ్లు కొట్టడం కంటే అది కూర్చునే మట్టి తడిగా ఉండటం ముఖ్యం. నీళ్లు తాగేది నోటితో కాదు, పొట్ట కింది చర్మంతో నేల నుంచి పీల్చుకుంటుంది. కొబ్బరి పీచు పొడి పరిచి, గుప్పిట్లో పిసికితే ముద్ద కట్టేంత, కానీ నీళ్లు కారనంత తడి ఉంచండి. ఒంటి వెడల్పుకు సరిపడా ఒక లోతు తక్కువ గిన్నెలో నీళ్లు పెట్టండి. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి చేపల తొట్లకు వాడే క్లోరిన్ తీసే చుక్కలు కలిపాకే పోయండి.

మెహిదీపట్నం నుంచి ఒక టీచరమ్మ: క్లాసులో కప్ప జీవిత చరిత్ర చెప్తుంటే ఒక పిల్ల లేచి, "నీళ్లు కొన్ని వారాలే ఉంటే తోకకప్పలు పెరిగేదాకా ఆగుతాయా టీచర్" అని అడిగింది. ఏడాది పొడవునా నీళ్లుండే చెరువులో గుడ్లు పెట్టుకోవచ్చు కదా?

ఆ అమ్మాయి అసలు విషయం పట్టుకుందండీ. పెద్ద చెరువులో నీళ్లుంటాయి, నిజమే, నీళ్లతో పాటు చేపలుంటాయి. కప్ప గుడ్లను, పిల్లలను చేపలు బతకనివ్వవు. వాన గుంటలో చేపలుండవు, ఎందుకంటే అది ఏటా ఎండిపోతుంది. అంటే ఆ గుంట ఎండిపోవడమే ఈ కప్పకు రక్షణ. నాకు ఈ జీవి కథలో అన్నిటికన్నా నచ్చేది ఇదే, మనం కరువు అనుకునేది దానికి కాపలా కాస్తోంది.

అయితే దానికి చెల్లించాల్సిన మూల్యం వేగం. తొలి పెద్ద వాన పడిన రాత్రే మగవి గుంటల్లో చేరి అరుస్తాయి, ఒకటి రెండు రాత్రుల్లో గుడ్లు పెట్టడం అయిపోతుంది. తోకకప్పలు మామూలు వాటిలా నాచు గీక్కుని తినేవి కావు. పక్షి ముక్కు లాంటి గట్టి దవడలతో, మొదటి నుంచీ మాంసమే తింటాయి, అదే గుంటలో పెరుగుతున్న ఇతర కప్పల తోకకప్పలే వాటి తిండి. అలా తిని సుమారు మూడు నాలుగు వారాల్లోనే కప్పలైపోతాయి. ముందే గుంట ఎండితే ఆ కాన్పు మొత్తం పోయినట్టే. అందుకే ఒక్కో ఆడ కప్ప వందల్లో, వేలల్లో గుడ్లు పెడుతుంది.

మీ క్లాసుకు ఇంకో సంగతి చెప్పండి. పంపా గడ్డి మైదానాల్లో ఉండే ఆర్నాటా అనే కొమ్ము కప్ప తోకకప్పలు నీళ్లలో శబ్దం చేస్తాయని అర్జెంటీనా పరిశోధకులు గుర్తించారు. ఇంకో తోకకప్ప వచ్చి తగిలితే చిన్నగా, లోహం మోగినట్టు చప్పుడు చేస్తుంది. తన జాతి పిల్లే అని అవతలిదానికి తెలిసి కొరకకుండా ఉండటానికే ఈ చప్పుడని వాళ్ల అభిప్రాయం. తోకకప్పలు కూడా 'మాట్లాడతాయి' అంటే పిల్లలు ఎలా వింటారో ఊహించుకోగలను.

మన దక్కన్‌లోనూ ఇదే లెక్క. బోదురు కప్ప తోకకప్పలు కూడా పక్క తోకకప్పలను తినేవే, అవీ వాన గుంటల్లోనే పెరుగుతాయి. హైదరాబాద్ చుట్టుపక్కల ఖాళీ ప్లాట్లలో, బండరాళ్ల మధ్య పల్లాల్లో జూన్, జూలైలో నిలిచే నీళ్లను మనం పనికిరాని నీళ్లనుకుంటాం. పెద్ద చెరువులు కాపాడాలని అందరం అంటున్నాం, మంచిదే, కానీ చిన్న కుంటలను లెక్కలోకే తీసుకోవడం లేదు. వాటిని చదును చేసి కాంక్రీటు పోస్తే, చెరువు ఎంత నిండుగా ఉన్నా కొన్ని కప్పలు ఆ పేటలో ఇక వినబడవు.

సైనిక్‌పురి నుంచి ఎనిమిదో తరగతి విద్యార్థి: ఒక వీడియోలో ఆర్నాటా అన్నారు, మరో దాంట్లో క్రాన్‌వెల్లి అన్నారు. రెండూ చూడ్డానికి ఒకేలా ఉన్నాయి. తేడా ఏంటి అంకుల్?

చాలా కాలం శాస్త్రవేత్తలు కూడా ఒకటే అనుకున్నారు బాబూ. ఆర్నాటాకు పేరు పెట్టింది థామస్ బెల్, 1843లో, డార్విన్ బీగిల్ ఓడలో తిరిగి సేకరించి తెచ్చిన జీవుల మీద వచ్చిన పుస్తకంలో. అప్పుడు ఆయన దాన్ని యూపెరొడాన్ అనే ప్రజాతిలో, అంటే దగ్గరి చుట్టాలైన జాతుల గుంపులో, పెట్టాడు. ఆ ప్రజాతి ఇప్పటికీ ఉంది, కానీ అందులో ఉన్నవి మన దేశంలో, మన చుట్టుపక్కల దేశాల్లో ఉండే, నేలలో దూరి బతికే గుండ్రటి కప్పలు. అంతంత దూరంలో ఉన్నా ఆకారం కలవడం వింతే, నేలలో దూరి బతికేవాటికి అలాంటి ఒళ్లే పనికొస్తుంది మరి.

చాకో కప్ప వేరే జాతి అని తేల్చింది అవెలీనో బారియో అనే అర్జెంటీనా శాస్త్రవేత్త, 1980లో. ప్యాక్‌మన్ వీడియో గేమ్ వచ్చింది కూడా అదే ఏడాది, అది కాకతాళీయమే. ఇక తేడా అంటావా, రంగు చూసి చెప్పడం కష్టం, పిలుపులో తేడా ఉంది. అసలు తేడా కణాల్లో. మనకు, చాలా జంతువులకు క్రోమోజోములు రెండేసి సెట్లుంటాయి. క్రాన్‌వెల్లికీ అంతే, మొత్తం 26. ఆర్నాటాకు ఎనిమిది సెట్లు, మొత్తం 104! చోటు కూడా వేరు. ఆర్నాటా తూర్పు అర్జెంటీనా పంపాలు, ఉరుగ్వే, బ్రెజిల్ దక్షిణ కొస. క్రాన్‌వెల్లి చాకో. మిగతా వాటిలో కల్కరాటా ఉత్తరాన కొలంబియా, వెనెజువెలా వైపు, స్టోల్జ్‌మాని ఈక్వడార్, పెరూ పసిఫిక్ తీరంలోని పొడి నేలల్లో, జొయజెయిరెన్సిస్ ఈశాన్య బ్రెజిల్ మెట్ట ప్రాంతంలో ఉంటాయి. మ్యాప్ తీసి వీటన్నిటినీ గుర్తు పెట్టి చూడు, దట్టమైన వాన అడవుల్లో ఉండేవి తక్కువ, ఏడాదిలో కొన్నాళ్లే తడి ఉండే చోట్లవే ఎక్కువ.

ఉప్పల్ నుంచి ఒక పాఠకురాలు: దీపావళి తర్వాత నుంచి మా కప్ప మట్టిలో దూరి బయటికి రావడం లేదు. ఏమీ తినడం లేదు. పైన ప్లాస్టిక్ కవర్ లాంటి పొర కట్టింది. చచ్చిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

కంగారు పడకండమ్మా. మీరు రాసినదాన్ని బట్టి మట్టి ఎండిపోయి ఉండాలి. చలికాలంలో మన గాలి పొడిబారుతుంది, రాత్రి వేడి తగ్గుతుంది, కప్పకు అది తన ఊళ్లో వానలు ఆగిపోయిన కాలంలా అనిపిస్తుంది. పైన కొండాపూర్ పాఠకుడికి చెప్పిన గూడు అదే. మీరు చేయకూడని పని ఒక్కటే, ఆ పొరను గోటితో పీకడం. కింది చర్మం చాలా పలచన, గాయమవుతుంది. మట్టిని రెండు మూడు రోజుల్లో నెమ్మదిగా తడపండి. పెట్టె 25 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండేలా చూడండి, ఏసీ గాలి తగలకుండా జరపండి. అది తనంతట తాను లేచి ఆ తోలు తినేస్తుంది, ఆ తర్వాత ఒకటి రెండు రోజులాగి మేత పెట్టండి. తడిపిన వారానికి కూడా కదలిక లేకపోయినా, పొట్ట కింద ఎర్రగా కనిపించినా, దుర్వాసన వచ్చినా మాత్రం ఆలస్యం చేయకుండా ఇలాంటి జీవులను చూసే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.

రాజేంద్రనగర్ నుంచి ఒక పాఠకుడు: మాకు వేరే ఊరు బదిలీ అయింది. కప్పను తీసుకెళ్లలేం. దగ్గర్లో చెరువు ఉంది, అక్కడ వదిలేస్తే హాయిగా బతుకుతుంది కదా?

దయచేసి ఆ పని చేయకండి. ఇది బతిమాలి చెప్తున్న మాట.

బతకకపోతే పాపం ఆ కప్ప పోతుంది. బతికితే అంతకన్నా ప్రమాదం. మనం ఈ సంచికలో చెప్పుకున్నదంతా చూస్తే, వేసవి ఎండ, కొన్ని నెలల వాన, ముళ్ల పొదలు, వాన గుంటలు, మన దక్కన్ దానికి పూర్తిగా కొత్త కాదు. నోట్లో పట్టేది ఏదైనా మింగే జీవి అది, కప్పలు, ఎలుకలు, చిన్న పాములు, తన జాతిదైనా సరే వదలదు. పైగా విదేశీ వ్యాపారంలో తిరిగే కప్పల వెంట కైట్రిడ్ అనే బూజు రోగం కూడా తిరుగుతుంది, ప్రపంచవ్యాప్తంగా ఎన్నో కప్ప జాతులను దెబ్బతీసిన రోగం అది. మీ కప్ప ఆరోగ్యంగా కనిపించినా మోస్తూ ఉండొచ్చు.

దూరం ఎందుకు, మన బోదురు కప్పనే తీసుకోండి. ఇక్కడ అది మన సొంత జీవి, పొలానికి నేస్తం, కప్పతల్లి పేరుతో ఊళ్లలో వాన కోసం మొక్కే జీవి. అదే కప్పను మనుషులు అండమాన్ దీవులకు చేర్చారు. అక్కడ అది వేగంగా వ్యాపిస్తోంది, దాని తోకకప్పలు స్థానిక కప్పల తోకకప్పలను తినేస్తున్నాయని పరిశోధకులు తేల్చారు. మన దేశంలోనే, ఒక చోట మంచిదైన కప్ప ఇంకో చోట అంత నష్టం చేస్తోంది. మరి ఖండాలు దాటి వచ్చినదాని సంగతి వేరే చెప్పాలా?

కొన్న షాపును తిరిగి తీసుకోమని అడగండి. పెంచే అనుభవం ఉన్నవాళ్లకు ఇవ్వండి, మీరు చూపించే పశువైద్యుడికి అలాంటివాళ్లు తెలిసే ఉంటారు. ఇవ్వబోయేవాళ్లకు ఇంకో కొమ్ము కప్ప ఉంటే రెండింటినీ ఒకే పెట్టెలో పెట్టొద్దని చెప్పడం మర్చిపోకండి, పొద్దున్నకి ఒకటే మిగులుతుంది.

తార్నాక నుంచి ఒక పాఠకుడు: దీనికి విషముందా? అడవిలో ఎన్ని మిగిలాయి? షాపుల్లో అమ్మేవి అక్కడ పట్టి తెచ్చినవేనా?

విషం లేదు. అర్జెంటీనా పల్లెల్లో మాత్రం ఇది కరిస్తే గుర్రం చచ్చిపోతుందని పాత నమ్మకం, ఆ భయంతో కనిపిస్తే చంపేవాళ్లున్నారు. కరవడం నిజం, గట్టిగా కరుస్తుంది, దవడల బలం మీద 2017లో ఒక అధ్యయనమే వచ్చింది, కానీ విషం కాదు. వ్యాపారంలో తిరిగేవి ఎక్కువగా బోనుల్లో పుట్టించినవే.

క్రాన్‌వెల్లి జాతి ప్రస్తుతానికి ముప్పు అంచున లేదు. పంపాల ఆర్నాటా పరిస్థితి అంత బాగాలేదు, గడ్డి మైదానాలు పొలాలైపోవడంతో ఒకప్పుడు ఉన్న చాలా చోట్ల కనిపించకుండా పోయింది. చాకోలోనూ సోయా సాగు కోసం, పశువుల మేత కోసం అడవిని కొట్టేస్తున్నారు, ప్రపంచంలో అతి వేగంగా తరిగిపోతున్న అడవుల్లో అదొకటి. అమెజాన్‌కు వచ్చినంత పేరు దానికి రాలేదు కాబట్టి అడిగేవాళ్లు తక్కువ. ముళ్ల అడవి అంటే బంజరు అనే చూపు అక్కడా ఉంది, ఇక్కడా ఉంది, రెండు చోట్లా తప్పే. మంచి మాట ఒకటి, బొలీవియాలో 1995లో ఏర్పడ్డ కా-ఇయా జాతీయ పార్కు ఒక్కటే 34 వేల చదరపు కిలోమీటర్లుంది, దాని ఏర్పాటులో అక్కడి గ్వారానీ ప్రజల పాత్ర పెద్దది. అర్జెంటీనాలో 2014లో ఎల్ ఇంపెనెట్రబ్లే పార్కు వచ్చింది.

బంజారాహిల్స్ నుంచి ఒక పాఠకురాలు: మా అమ్మాయి చదువుకోసం అర్జెంటీనాలో ఉంది. మేం వెళ్లినప్పుడు దీన్ని అడవిలో చూడొచ్చా? ఏ నెలలో వెళ్లాలి?

జూన్, జూలై సెలవుల్లో వెళ్తే మాత్రం చూడలేరండీ, అప్పుడది నేల కింద ఉంటుంది. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య ఉత్తరాన సాల్టా, చాకో రాష్ట్రాల వైపు వెళ్లండి. ఎండ తీవ్రంగా ఉంటుంది, మట్టి రోడ్లు వానకు దిగబడిపోతాయి, తోడు స్థానికులెవరైనా ఉండాలి. పగలంతా తిరిగినా దొరకదు, మట్టిలో కళ్లు మాత్రం బయటపెట్టి కూర్చునే కప్పను పక్కనే నడిచి వెళ్లినా గుర్తుపట్టలేం. పెద్ద వాన పడిన రాత్రే టార్చి పట్టుకుని రోడ్డు పక్క గుంటల దగ్గరికి వెళ్లండి, మర్నాటికి వాయిదా వేస్తే పాట ఆగిపోయి ఉండొచ్చు. చేత్తో ముట్టుకోకండి, మీ చెప్పులకున్న మట్టిని ఒక గుంట నుంచి ఇంకో గుంటకు మోయకుండా కడుక్కుని కదలండి.